అయోగ్యతా భావం, ఆత్మక్షమ: పల్నాటి మత సంప్రదాయాలు

దేవుడి ముందు నిలబడే అర్హత తనకు లేదని, చేసిన తప్పు ఎన్నటికీ తుడిచిపెట్టుకుపోదని విశ్వాసి మనసులో గట్టిపడిన నమ్మకమే అయోగ్యతా భావం. తప్పు ఒప్పుకుని, దిద్దగలిగినంత దిద్ది, ఆపైన తనకు తాను వేసుకున్న శిక్షకు ముగింపు పలకడం ఆత్మక్షమ. మొదటిది చాలా మతాలలో భక్తికి తొలిమెట్టుగా కనిపిస్తుంది. రెండోదాని దగ్గర అభిప్రాయాలు చీలిపోతాయి. క్షమించేవాడు దేవుడైనప్పుడు మనిషి తనను తాను క్షమించుకోవడమేమిటని కొందరు అడుగుతారు. దేవుడు క్షమించినా మనసు ఒప్పుకోకపోతే ఆ క్షమ అందినట్టేనా అని మరికొందరు అడుగుతారు.

ఈ ప్రశ్నను పరిశీలించడానికి పల్నాడు అనువైన సీమ. కృష్ణకు దక్షిణాన మాచర్ల, గురజాల, నరసరావుపేట, వినుకొండలతో విస్తరించిన ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా జిల్లా అయింది. నాగార్జునకొండ బౌద్ధ విహారాలు, కోటప్పకొండ శైవం, మాచర్ల చెన్నకేశవుడి వైష్ణవం, కారంపూడి వీరారాధన, గురజాల లూథరన్ సంఘం, రెంటచింతల కతోలిక సంఘం, ఊరూరి మసీదులు ఇక్కడ ఒకే సీమలో ఒకదానికొకటి పొరుగున ఉన్నాయి. వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. వేళ్లూనుకున్న ప్రతి సంప్రదాయమూ పశ్చాత్తాపానికి ఒక కొలత పెట్టింది, ఒక ముగింపు చూపింది, తప్పు చేసినవాడు తిరిగి నలుగురిలో కలిసే దారి తెరిచింది. ఆ ముగింపు దాటాక కూడా తనను తాను శిక్షించుకుంటూ పోవడాన్ని ఎక్కువ భక్తిగా లెక్కించడానికి ఈ సంప్రదాయాలలో ఆధారం దొరకదు. ఆత్మక్షమ అంటే మతం ఇచ్చిన ఆ ముగింపును ఒప్పుకోవడమేనన్నది ఈ వ్యాసం చేసే ప్రతిపాదన.

చేసిన తప్పు, మోసే మచ్చ

అయోగ్యతా భావం పైకి ఒకటిగా కనిపించినా దాని మూలాలు రెండు. ఒకటి చేసిన పనిలోంచి పుడుతుంది. అబద్ధపు సాక్ష్యం చెప్పడం, అన్నదమ్ముల ఆస్తి కాజేయడం, కన్నవారిని పట్టించుకోకపోవడం ఇలాంటివి. రెండోది తాను ఫలానా అన్న భావంలోంచి పుడుతుంది. పుట్టిన కులం, వైధవ్యం, సంతానం లేకపోవడం, రోగం, పేదరికం మనిషి మీద వేసే మచ్చ ఇది. మొదటిదానికి ఒక సంఘటన ఉంది, నష్టపోయిన మనిషి ఉన్నాడు, కాబట్టి దిద్దుబాటుకు చోటు ఉంది. రెండోదానికి సంఘటన లేదు, అందువల్ల దిద్దుకోవడానికీ ఏమీ లేదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు జూన్ టాంగ్నీ, రోండా డియరింగ్ 2002లో ప్రచురించిన గ్రంథంలో చేసిన విభజన దీనికి దగ్గరగా ఉంది. తాను చేసిన పనిని తప్పుపట్టుకునే మనిషి దాన్ని సరిచేయడానికి పూనుకుంటాడని, తన ఉనికినే తప్పుపట్టుకునే మనిషి దాక్కోవడానికో ఎదుటివారి మీద విరుచుకుపడటానికో మొగ్గుతాడని వారు చూపారు.

తెలుగు ఇళ్లలో కష్టం వచ్చినప్పుడు వినిపించే ‘ఏ జన్మలో ఏం పాపం చేసుకున్నానో’ అన్న మాట ఈ రెంటినీ కలిపేస్తుంది. అక్కడ బాధ ఉంది, నేరం లేదు. ఉన్న బాధకు సరిపోయే నేరాన్ని గుర్తులేని జన్మలో వెతకాల్సి వస్తుంది. గుర్తులేని నేరానికి ప్రాయశ్చిత్తం ఎప్పుడు పూర్తయిందో తేల్చేవారు ఉండరు. మొక్కు మీద మొక్కు, ఉపవాసం మీద ఉపవాసం చేరుతూ పోతాయి తప్ప మనసు తేలికపడదు. కాబట్టి ఏ సంప్రదాయాన్ని పరిశీలించినా ముందుగా అడగాల్సింది ఒకటే: అది తప్పును మచ్చ నుంచి విడదీసి చూస్తున్నదా, లేదా?

నాగార్జునకొండ: సంఘం ఎదుట ఒప్పుకోలు

క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాలలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి నేటి మాచర్ల ప్రాంతపు కృష్ణాలోయలో వెలసింది. అక్కడి శాసనాలు మహీశాసకులు, బహుశ్రుతీయులు, అపరమహావినశైలీయులు వంటి బౌద్ధ శాఖలను పేర్కొన్నాయి. బోధిశ్రీ అనే ఉపాసిక వేయించిన శాసనంలో తామ్రపర్ణి, అంటే సింహళ, థేరుల ప్రస్తావన ఉంది. 1954, 1960 మధ్య జరిగిన తవ్వకాల తరువాత ఆ లోయ నాగార్జునసాగర్ జలాశయంలో మునిగింది, అవశేషాలు ద్వీపంలోని మ్యూజియానికి చేరాయి. ఆ విహారాలలోని భిక్షువుల జీవితాన్ని నడిపినది వినయం అనే నియమావళి. థేరవాదంలో భిక్షువుకు 227 నియమాలు ఉన్నాయి. పౌర్ణమికీ అమావాస్యకూ సంఘం కూడి వాటిని పఠిస్తుంది. తప్పు చేసిన భిక్షువు ఆ పఠనానికి ముందే తోటి భిక్షువు దగ్గర ఒప్పుకోవాలి. సంఘం నుంచి శాశ్వతంగా దూరం చేసే అపరాధాలు నాలుగే. తక్కిన వాటన్నిటికీ తిరిగి వచ్చే దారి ఉంది. ఆ నాలుగింటి తరువాత తీవ్రమైన పదమూడు అపరాధాలకు విధించిన క్రమం మరీ గమనించదగ్గది. తప్పును ఎన్ని రోజులు దాచిపెట్టాడో అన్ని రోజులు పరివాసం అనే శిక్షాకాలం, ఆపైన ఆరు రాత్రుల మానత్తం అనే ప్రాయశ్చిత్తం, చివరికి ఇరవైమంది భిక్షువులకు తగ్గని సంఘం అతణ్ణి తిరిగి చేర్చుకోవడం.

ఈ లెక్కలో ఒక లోతైన ఆలోచన ఉంది. శిక్ష దాచిన కాలాన్ని బట్టి పెరుగుతుంది, అంటే దాపరికాన్ని తప్పుతో సమానంగా పట్టించుకున్నారు. ముగింపును తప్పు చేసినవాడి మనసుకు వదలలేదు, ఇరవైమంది చేతిలో పెట్టారు. వారు చేర్చుకున్నాక తాను ఇంకా తగనని ఆ భిక్షువు అనుకోవడానికి వీలు లేదు, అది సంఘం నిర్ణయాన్ని కాదనడమవుతుంది. బౌద్ధ మనోవిశ్లేషణ మరో అడుగు ముందుకు వేసింది. తప్పు చేయడానికి సిగ్గుపడటం, దాని ఫలితానికి జంకడం అన్న రెండు గుణాలను లోకాన్ని కాపాడే ధర్మాలుగా అది మెచ్చుకుంది. జరిగిపోయినదాన్ని తవ్వుకుంటూ కుమిలిపోవడాన్ని మాత్రం కౌకృత్యం పేరిట ధ్యానాన్ని అడ్డుకునే ఐదు ఆవరణలలో చేర్చింది. సిగ్గు పని చేయాల్సింది తప్పుకు ముందు. తప్పు తరువాత పని చేయాల్సింది దిద్దుబాటు. ఆచార్య నాగార్జునుడు శాతవాహన రాజుకు రాశాడని సంప్రదాయం చెప్పే సుహృల్లేఖలో ఒకప్పుడు దారి తప్పి తరువాత మేలుకున్నవారికి ఉదాహరణలుగా నందుడు, అంగుళిమాలుడు, అజాతశత్రువు, ఉదయనుడు వస్తారు. వారిలో ఒకడు హంతకుడు, ఒకడు తండ్రిని చంపించినవాడు. పాలకుడికి రాసిన ఉత్తరంలో ఇలాంటి పేర్లు చేర్చడం వెనుక, గతం ఎంత చెడ్డదైనా నడత మార్చుకునే బాధ్యత తప్పదన్న హెచ్చరిక కూడా ఉంది.

ప్రాయశ్చిత్తం, శరణాగతి

వైదిక ధర్మశాస్త్రాలు ఇదే పనిని వ్రతాలతో చేశాయి. తిక్కన కాలపు కవి కేతన పదమూడో శతాబ్దిలో తెలుగు చేసిన విజ్ఞానేశ్వరీయంలో ఆచార, వ్యవహార కాండలతో పాటు ప్రాయశ్చిత్త కాండ కూడా ఉంది. అంటే పాపాన్ని కడుక్కునే పద్ధతి తెలుగువారికి తమ భాషలోనే చట్టంలా అందింది. చాంద్రాయణ వ్రతం నెల రోజులు సాగుతుంది. పౌర్ణమినాటి పదిహేను ముద్దల భోజనం రోజుకొక ముద్ద చొప్పున తగ్గి అమావాస్యకు ఉపవాసమై, మళ్లీ చంద్రకళలతో పెరుగుతుంది. తినే ముద్దల లెక్కలోనే వ్రతం ముగిసే రోజు కనిపిస్తుంది. మనుస్మృతి తప్పును బయటపెట్టడం, పశ్చాత్తాపపడటం, మళ్లీ చేయనని నిశ్చయించుకోవడం పాపవిమోచనంలో భాగాలని చెప్పింది. అయితే ఇదే సాహిత్యం ఒకే తప్పుకు వర్ణాన్ని బట్టి వేర్వేరు శిక్షలు విధించింది, కొందరిని పుట్టుకతోనే దూరం పెట్టింది. ముగింపు అనే గొప్ప ఆలోచనను అది అందరికీ సమానంగా పంచలేదు. నిత్యపూజలో ఆ ఆలోచన సులువైన రూపంలో మిగిలింది. సంకల్పంలో దురితక్షయం కోరడం, పూజ చివర అపరాధ క్షమాపణ చెప్పడం, దేవుడి ముందు లెంపలు వేసుకోవడం, వినాయకుడి ముందు గుంజీలు తీయడం వంటివన్నీ నిమిషాలలో పూర్తయ్యే పనులు. పూర్తయ్యాక మనిషి ప్రసాదం తీసుకుని తన పనికి వెళతాడు.

భక్తి మార్గం అయోగ్యతను దాచుకోకుండా పాటగా మార్చింది. శ్రీవైష్ణవుల శరణాగతికి ఆరు అంగాలు. వాటిలో కార్పణ్యం ఒకటి, అంటే తనకు వేరే దిక్కు, వేరే అర్హత లేవని ఒప్పుకోవడం. దాని పక్కనే మహావిశ్వాసం ఉంది, అంటే తనను కాపాడతాడన్న గట్టి నమ్మకం. ఈ రెండూ జంటగా ఉండాలనడంలోనే ఆ శాస్త్రం తెలివి ఉంది. కార్పణ్యం ఒక్కటే మిగిలితే అది శరణాగతి కాకుండా నిరాశ అవుతుంది. శ్రీవైష్ణవంలోని రెండు శాఖలలో తెంకలై ఆచార్యులు తల్లి బిడ్డ మురికిని అసహ్యించుకోనట్టు భగవంతుడు భక్తుడి దోషాన్ని సైతం ప్రీతితో స్వీకరిస్తాడన్నారు. వడకలై వారు అంత దూరం వెళ్లలేదు, ఆయన దోషాన్ని పట్టించుకోడని మాత్రమే అన్నారు. శరణాగతి ఒక్కసారి చేస్తే చాలునన్నది రెండు శాఖలకూ సమ్మతమే. త్యాగరాజు గౌళరాగ పంచరత్నమైన దుడుకుగలలో తన తప్పులను వరసగా ఏకరువు పెట్టాడు. తిరువయ్యారు ఆరాధనోత్సవంలో ఆ కృతిని వందలాది గాయకులు ఒక్క గొంతుతో పాడుతున్నప్పుడు ఆ తప్పుల జాబితా ఏ ఒక్కరిదీ కాకుండా పోతుంది. తాను ఒక్కడినే పతితుణ్ణి అన్న భావం నిలవడానికి కావలసిన ఏకాంతాన్ని ఆ గానం తీసేస్తుంది.

కోటప్పకొండ, కారంపూడి

నరసరావుపేటకు దగ్గరలోని కోటప్పకొండ మీద త్రికోటేశ్వరుడు దక్షిణామూర్తి స్వరూపంగా పూజలందుకుంటాడు. మహాశివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎత్తైన ప్రభలు కదిలివస్తాయి. ఈ క్షేత్రకథకు కేంద్రం గొల్లభామ ఆనందవల్లి. రోజూ కొండెక్కి స్వామిని కొలిచే ఆమె గర్భవతి అయింది, ఎక్కడం కష్టమైంది. స్వామి తానే దిగివస్తానని, ముందు నడిచే ఆమె వెనక్కి తిరిగి చూడకూడదని మాట తీసుకున్నాడు. ఆమె తిరిగి చూసింది. స్వామి అక్కడే లింగరూపంలో నిలిచిపోయాడు. కథ ఇంతటితో ఆగి ఉంటే అది ఆజ్ఞ మీరిన స్త్రీకి పడిన శిక్ష అయ్యేది. కానీ ఇప్పుడు భక్తులు చేరేది ఆమె చూపు వల్ల స్వామి ఆగిన చోటికే. ఆమెకూ కొండదారిలో గుడి ఉంది, కొలుపు ఉంది. మాట తప్పిన భక్తురాలిని సంప్రదాయం వెలివేయలేదు, దేవుడి దగ్గరకు వెళ్లే దారిలో నిలబెట్టింది. తప్పు జరిగిందన్న సంగతినీ దాచలేదు. ఏటా ఆ కథ చెప్పుకుంటూనే ఆమెకు దణ్ణం పెడతారు. క్షమ అంటే జ్ఞాపకాన్ని చెరిపేయడమే అనుకునేవారికి ఈ గుడి ఒక సమాధానం.

పల్నాటి వీరగాథ మరింత బరువైన ఉదాహరణ. పన్నెండో శతాబ్దిలో జరిగిన దాయాదుల పోరు నలగామరాజు, మలిదేవుల పక్షాలను, నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు నడిపిన రాజకీయాలను కలిపి జనం నోట నిలిచింది. శ్రీనాథుడి పేరిట ప్రసిద్ధమైన ద్విపద కావ్యం యుద్ధానికి చాలాకాలం తరువాతది. కాబట్టి అది పన్నెండో శతాబ్ది సంఘటనలకు కన్నా, వాటిని తలచుకున్న సమాజపు విలువలకే మంచి సాక్ష్యం. జనశ్రుతిలో ప్రబలంగా ఉన్న కథనం ప్రకారం కొడుకు బాలచంద్రుడితో సహా తనవారినందరినీ పోగొట్టుకున్న బ్రహ్మనాయుడు నాగమ్మను ప్రాణాలతో విడిచిపెట్టి, రాజ్యాన్ని నలగాముడికే అప్పగించి, గుత్తికొండ బిలంలోకి తపస్సుకు వెళ్లిపోయాడు. ఇక్కడ వరస ముఖ్యం. మొదట శత్రువుతో లెక్క తేల్చుకోవడం, తరువాతే ఏకాంతం. నష్టపోయినవారిని అలాగే వదిలేసి బిలం చేరి ఉంటే ఆయన తపస్సును జనం పారిపోవడంగానే చెప్పుకునేవారు. కారంపూడిలో నాగులేటి ఒడ్డున కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరారాధన ఐదు రోజులు సాగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు పేర్లతో యుద్ధకథ మళ్లీ నడుస్తుంది, మధ్యలో కులభేదం లేకుండా అందరూ కలిసి తినే చాపకూడు ఉంటుంది. అన్నదమ్ములు ఒకరినొకరు చంపుకున్న దుఃఖాన్ని ఆ సీమ ఏటా ఐదు రోజులు మోస్తుంది, ఆరో రోజు పొలాలకు వెళుతుంది.

క్రైస్తవం, ఇస్లాం

లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ 1842లో గుంటూరు చేరి, 1849లో గురజాలకు మకాం మార్చి పల్నాటిలో పనిచేశాడు. ఆ కృషి పరంపరలో 1927లో ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. నరసరావుపేట, వినుకొండ అమెరికన్ బాప్టిస్టుల కేంద్రాలయ్యాయి. లూథరన్ మతానికి మూలమే ఒక వ్యక్తి అయోగ్యతా భావం. జర్మనీలోని ఎర్ఫర్ట్ మఠంలో సన్యాసిగా ఉన్న మార్టిన్ లూథర్ గంటల తరబడి పాపాలు ఒప్పుకున్నా తృప్తిపడేవాడు కాదు. ఏదో మరిచిపోయానన్న భయం అతణ్ణి మళ్లీ మళ్లీ గురువు స్టౌపిట్జ్ దగ్గరికి నడిపించింది. తన శ్రమతో ముగింపు సాధించలేనని గ్రహించాక, ఆ ముగింపు క్రీస్తులో ముందే జరిగిపోయిందని, దాన్ని నమ్మడమే తన వంతని అతను బోధించాడు. గురజాల, మాచర్ల చర్చిలలో ఆదివారపు ఆరాధన పాపపు ఒప్పుకోలుతో మొదలై వెంటనే క్షమాపణ ప్రకటనకు చేరడం ఈ బోధ ఫలితమే. అయినా ప్రభువు బల్ల దగ్గర భయం మిగిలింది. అయోగ్యంగా రొట్టె, ద్రాక్షారసం తీసుకోవద్దని పౌలు కొరింథీయులకు చేసిన హెచ్చరికను తలచుకుని, ఇంట్లో గొడవ జరిగిందనో మనసు కుదురుగా లేదనో సంస్కారానికి వెళ్లనివారు ఉంటారు. పౌలు ఆ మాట అన్న సందర్భం వేరు. ఆ సంఘంలో ఉన్నవారు ముందే కడుపునిండా తిని, లేనివారిని ఆకలితో ఉంచి అవమానించారు. ఆయన ఖండించింది తోటివారిని చులకన చేయడాన్ని. లూథర్ 1529 నాటి చిన్న ప్రశ్నోత్తరిలో, ఆ విందు తనకోసమే ఇచ్చారన్న మాటను నమ్మినవాడే దానికి తగినవాడని తేల్చాడు.

రెంటచింతల వంటి కతోలిక ఊళ్లు 1940లో ఏర్పడిన గుంటూరు మేత్రాసనం పరిధిలోకి వచ్చాయి. అక్కడ దారి పాపసంకీర్తనం. ఏడాదికి ఒక్కసారైనా గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవాలన్న నియమం 1215 నాటి నాలుగో లాటరన్ మహాసభ నుంచి ఉంది. గురువు విన్నది బయటపెట్టకూడదు. చిన్న అపరాధపరిహారం చెప్పి, పాపవిమోచన పలికి పంపిస్తాడు. ఒప్పుకున్న పాపాన్నే పదే పదే తెచ్చేవారిని ఆపడం కూడా ఆయన బాధ్యత. విభూతి బుధవారంతో మొదలయ్యే తపస్సుకాలం సైతం ఈస్టరుతో ముగిసిపోయేదే. ఇస్లాంలో మధ్యవర్తి లేడు, క్రమం మాత్రం స్పష్టం. పదమూడో శతాబ్ది పండితుడు నవవీ చెప్పిన ప్రకారం తౌబాకు, అంటే పశ్చాత్తాపానికి, మూడు షరతులు: తప్పు మానడం, చేసినందుకు బాధపడటం, మళ్లీ చేయనని నిశ్చయించుకోవడం. తోటి మనిషి హక్కు పోయి ఉంటే నాలుగోది కూడా ఉంది, అతనిది అతనికి చెల్లించడం. ఖురాన్ ముప్పై తొమ్మిదో అధ్యాయం తమకు తాము అన్యాయం చేసుకున్నవారిని దేవుడి కరుణ మీద ఆశ వదలుకోవద్దని పిలుస్తుంది. ఆ కరుణ తనకు దక్కదని నిశ్చయించుకోవడాన్ని ముస్లిం పండితులు పెద్ద పాపాలలో లెక్కించారు. దేవుడు క్షమించలేనంత గొప్పది నా తప్పు అనుకోవడంలో వినయం వేషం వేసుకున్న గర్వం దాగి ఉందన్న గ్రహింపు ఇది.

ఇతరులు మోపిన అయోగ్యత

ఇప్పటిదాకా చూసినవన్నీ తప్పుకు మందులు. మచ్చకు ఇవి పనికిరావు, పైగా కీడు చేస్తాయి. అంటరానివాడని గుడి బయట నిలబెట్టిన మనిషికి వినయం నేర్పడం, క్షమ అడగమనడం అతనిపై పడిన అన్యాయానికి ముద్ర వేయడమే అవుతుంది. ఈ సంగతిని తెలుగులో అందరికన్నా పదునుగా చెప్పిన కవి ఈ జిల్లావాడే. గుర్రం జాషువా 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టాడు. 1941లో వెలువడిన గబ్బిలం కావ్యంలో గుడిలోకి అడుగుపెట్టలేని దళితుడు, ఏ అడ్డూ లేకుండా గుడి లోపల తిరగగలిగిన గబ్బిలం ద్వారా కాశీ విశ్వేశ్వరుడికి తన కథ పంపుతాడు. ఆ కథానాయకుడు దేవుడి నుంచి మంచితనానికి యోగ్యతాపత్రం కోరడు. తన మీద జరిగిన అన్యాయానికి లెక్క అడుగుతాడు. జాషువా క్రైస్తవ కుటుంబంలో పుట్టి హిందూ పురాణాలను ప్రేమించినందుకు ఇరువైపులా నిరాదరణ చవిచూశాడు. అయినా దేవుడి మీద కోపాన్ని దేవుడితోనే చెప్పుకున్నాడు. 1964లో ఆయనకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చినది క్రీస్తు చరిత్ర.

బ్రహ్మనాయుడు మాల కన్నమదాసును సేనానిగా చేసుకున్నాడని, అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టాడని వీరగాథ చెబుతుంది. ఆ కథ పుట్టిన సీమలోనే వందల ఏళ్ల తరువాతా మాలమాదిగలు మిషన్ల వైపు పెద్ద సంఖ్యలో వెళ్లారంటే ఏటికొకసారి కలిసి తినడం చాలలేదన్నమాట. చర్చిలో వారికి మొదట వినిపించినవాటిలో నువ్వు పాపివి అన్న మాట ఒకటి, నువ్వు దేవుడి బిడ్డవు అన్న మాట మరొకటి. రెండో మాట అక్షరాలు నేర్చుకునే ధైర్యాన్ని, ఊళ్లో తలెత్తి నడిచే ధైర్యాన్ని ఇచ్చింది. మొదటిది భూస్వామికీ పాలేరుకూ సమానంగా వర్తించినప్పుడు అదీ ఒక సమానత్వమే. కులం మోపిన సిగ్గుతో కలిసిపోయినప్పుడు మాత్రం అది పాత మచ్చకు కొత్త పేరు అయింది. శుభకార్యంలో వెనక నిలబడే వితంతువు విషయంలోనూ, గొడ్రాలన్న మాట పడే స్త్రీ విషయంలోనూ ఇంతే. వారికి కావలసింది ఆత్మక్షమ కాదు, క్షమించాల్సినదేమీ లేదన్న నిజం. ఆ నిజాన్ని పలకాల్సినవారు మచ్చ వేసినవారే.

ఆధునిక పరిశోధన చేర్చినది

ఆత్మక్షమ మీద మనోవిజ్ఞాన పరిశోధన ఆలస్యంగా మొదలైంది. జూలీ హాల్, ఫ్రాంక్ ఫించమ్ 2005లో రాసిన వ్యాసంలో క్షమ గురించిన పరిశోధనలో దీన్ని సవతిబిడ్డలా చూశారని వ్యాఖ్యానించారు. లిడియా వుడ్యాట్, మైకేల్ వెంజెల్ 2013లో రెండు రకాలను వేరుచేశారు. బాధ్యతను తోసేసి తేలికపడటం నకిలీ ఆత్మక్షమ, బాధ్యతను పూర్తిగా తీసుకుని విలువలను తిరిగి పట్టుకోవడం అసలైనది. మొదటిది మనసుకు హాయినిచ్చినా దిద్దుబాటుకు నడిపించదు. పరివాసం, చాంద్రాయణం, తౌబా షరతులు చెప్పినది సరిగ్గా ఇదే. పరిశోధన చేర్చిన కొత్త సంగతి మరొకటి ఉంది. కొందరిలో పాపభీతి జబ్బుగా మారుతుంది. పూజలో ఒక అక్షరం తప్పిందని మొదటి నుంచి మొదలుపెట్టడం, నమాజుకు ముందు చేసే వుజూ సరిగా కుదరలేదని మళ్లీ మళ్లీ కడుక్కోవడం, ప్రార్థనలో వచ్చిన చెడు ఆలోచనను నేరంగా భావించడం వంటివి అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ లక్షణాలు కావచ్చు. ముగింపు మాట ఎన్నిసార్లు విన్నా నమ్మలేకపోవడమే ఈ జబ్బు స్వభావం. అలాంటప్పుడు ఇంకో వ్రతం చెప్పడం మంటలో నెయ్యి పోసినట్టే. వైద్యుడి దగ్గరకు పంపడమే మతగురువు చేయాల్సిన సరైన పని.

ఆక్షేపణలు, సమాధానాలు

మొదటి ఆక్షేపణ తత్వవేత్త హన్నా ఆరెంట్ 1958లో ప్రచురించిన గ్రంథంలో ఉంది. క్షమ ఇద్దరి మధ్య జరిగే పని, ఎవరూ తమను తాము క్షమించుకోలేరని ఆమె వాదించింది. నష్టపోయినవాడు పక్కన ఉండగా తప్పు చేసినవాడే తనను క్షమించుకుంటే అది దొంగ తానే తీర్పు రాసుకోవడం కాదా? ఈ అభ్యంతరం బలమైనది, దాన్ని ఒప్పుకోవాలి. పైన చూసిన సంప్రదాయాలు కూడా ఒప్పుకున్నాయి. అందుకే ముగింపును సంఘానికో గురువుకో దేవుడికో అప్పగించాయి, నష్టపోయినవాడి బాకీ చెల్లించడాన్ని ముందు పెట్టాయి. ఆత్మక్షమ కొత్త తీర్పు రాయదు, వచ్చిన తీర్పును స్వీకరిస్తుంది. నష్టపోయిన మనిషి చనిపోయినా, క్షమించడానికి నిరాకరించినా ఏమిటన్న ప్రశ్న మిగులుతుంది. నిరాకరించే హక్కు అతనిది, దాన్ని ఎవరూ లాక్కోలేరు. ఆ స్థితిలో తప్పు చేసినవాడు తన బాకీని వేరే రూపంలో, వేరే మనుషులకు చెల్లిస్తూ బతకాలి తప్ప, కుమిలిపోవడం వల్ల పోయినవారికి చేరేదేమీ లేదు.

రెండో ఆక్షేపణ భక్తుల నుంచి వస్తుంది. అయోగ్యతా భావమే వినయానికి, భక్తికి ఊపిరి, దాన్ని తీసేస్తే మిగిలేది అహంకారమని వారి భయం. గీత ఈ భయానికి రెండు వైపుల నుంచి జవాబు చెప్పింది. ఎంత దురాచారుడైనా అనన్యంగా భజిస్తే సాధువుగానే లెక్కించాలని తొమ్మిదో అధ్యాయం చెబితే, మనిషి తనను తాను కుంగదీసుకోకూడదని ఆరో అధ్యాయం చెబుతుంది. వినయం కలిగిన మనిషి దృష్టి ఎదుటివారి మీద ఉంటుంది. కుంగిపోయిన మనిషి దృష్టి రాత్రింబవళ్లు తన మీదే ఉంటుంది. పైకి ఒకేలా కనిపించే ఈ రెంటిలో భక్తి గ్రంథాలు కోరినది మొదటిదాన్నే. మూడో ఆక్షేపణ సామాన్యుడిది. ముగింపు ఇంత సులువైతే తప్పు చేయడానికి జంకేదెవరు? మొక్కు చెల్లించి మళ్లీ అదే పని చేసేవారు, ఆదివారం ఒప్పుకుని సోమవారం మరిచేవారు లేరా? ఉన్నారు. వారికి కొలత తెలుసు, బాకీ చెల్లించడం తెలియదు. హుండీలో వేసిన డబ్బు మోసపోయిన పొరుగువాడికి చేరదు. అది దేవుడి పేరిట అతణ్ణి రెండోసారి మోసగించడం. ఆ లోపానికి మందు పశ్చాత్తాపాన్ని అనంతం చేయడంలో లేదు, బాకీ చెల్లింపును తప్పనిసరి చేయడంలో ఉంది. అనంతమైన పశ్చాత్తాపం నేరగాణ్ణి అదుపు చేసిన దాఖలా కన్నా, నేరం చేయనివారిని నలిపేసిన దాఖలాయే ఎక్కువ.

విలువ కట్టే ప్రమాణాలు

పల్నాటి సంప్రదాయాల నుంచి ఆత్మక్షమను పరీక్షించడానికి మూడు ప్రమాణాలు తీసుకోవచ్చు. మొదటిది, మనసును తొలిచేది తప్పా మచ్చా అని తేల్చుకోవడం. మచ్చ అయితే మనిషి చేయాల్సింది దాన్ని తిరస్కరించడం, జాషువా చేసినది అదే. రెండోది, తప్పు అయితే నష్టపోయినవారికి చెల్లించాల్సింది చెల్లించారా అన్నది. తౌబా నాలుగో షరతు ఇదే, బ్రహ్మనాయుడు బిలానికి ముందు రాజ్యం అప్పగించడంలోని అర్థమూ ఇదే. మూడోది, ముగింపు ప్రకటించాక మనిషి తిరిగి నలుగురిలో కలిశాడా అన్నది. పరివాసం పూర్తిచేసిన భిక్షువును సంఘం చేర్చుకున్నట్టే, క్షమాపణ విన్న విశ్వాసి బల్ల దగ్గరకు రావాలి, పక్కవారు అతనికి చోటివ్వాలి. ఈ మూడో ప్రమాణంలో సమాజం కూడా పరీక్షకు నిలబడుతుంది. ప్రాయశ్చిత్తం చేసుకున్నవాడి పాత తప్పును పదే పదే ఎత్తిచూపే ఊరు అతని ఆత్మక్షమను అసాధ్యం చేస్తుంది. కాబట్టి పేరుకు ఇది ఒంటరి మనసు చేసే పనే అయినా, పూర్తి కావడానికి చుట్టూ ఉన్నవారి ఒప్పుకోలు కావాలి. దాన్ని నిరాకరించినవారు ఎదుటివాడి అయోగ్యత గురించి మాట్లాడే అర్హతను కోల్పోతారు.